అప్‌డేట్: దానంతటదే ఆగిపోయే పాత టీవీ బాగైంది

32 అంగుళాల పాత ఎల్‌సీడీ టీవీ ఐదారు నిమిషాలకోసారి టిక్‌మని ఆగిపోతోందని అడిగాను కదా. మెయిన్ బోర్డు పోయిందేమో అన్నారు కొందరు. అది కాదు, తప్పంతా పవర్ బోర్డుదే (టీవీ భాగాలకు కరెంటు అందించే బోర్డు).

5 వోల్టుల లైన్ మీద మీటరు పెట్టి చూస్తే, ఆగే ముందు 4.3కి జారుతోంది. హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు ముక్క) పక్కనున్న రెండు 1000 మైక్రోఫారడ్, 10 వోల్టుల కెపాసిటర్ల (ఛార్జిని నిలవ ఉంచే చిన్న డబ్బాలు) నెత్తి ఉబ్బింది. ఒకదాని నెత్తి మీది గాటు దగ్గర గోధుమరంగు పొక్కు కట్టింది. ఏళ్ల తరబడి వేడికి లోపలి ద్రవం ఆరిపోతే వోల్టేజీ నిలవదు, ప్రాసెసర్ రీసెట్ అవుతుంది.

అదే 1000 మైక్రోఫారడ్, కానీ 16 వోల్టులు, 105 డిగ్రీలు, లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువగా ఉండే) రకం వేశాను. మామూలు రకం వేస్తే మళ్లీ ఇదే గతి. పాతవి పీకే ముందు ఫొటో తీసుకోండి: చార ఉన్న కాలు నెగటివ్, కానీ బోర్డు మీది గుర్తు అన్నిట్లో ఒకేలా ఉండదు.

ఒక్కటి మాత్రం మరవద్దు. ప్లగ్ తీసినా 450 వోల్టుల పెద్ద కెపాసిటర్‌లో ఛార్జి మిగులుతుంది. దాని కాళ్లకు 60 వాట్ల ఫిలమెంట్ బల్బు కలిపి ఆ ఛార్జి దించి, మీటరుతో చూశాకే చెయ్యి పెట్టండి.

ఇప్పుడు ఆ 5 వోల్టుల లైన్ 5.1 దగ్గర నిలకడగా ఉంది. నాలుగు రోజులుగా ఒక్కసారీ ఆగలేదు.