సింగిల్స్ వదిలి డబుల్స్‌కి మారాలా? రాయగడలో మా బాబు విషయం, సలహా కావాలి

రాయగడ నాన్న
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. మా బాబుకి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి, బ్యాడ్మింటన్ ఆడతాడు. జిల్లాలో సింగిల్స్ గెలుస్తాడు. రాష్ట్ర పోటీలకి వెళ్తే మాత్రం రెండో రౌండ్ దాటడం లేదు. మనిషి పొడుగు, స్మాష్ గట్టిగా కొడతాడు. కానీ మూలకి వెళ్లి మళ్లీ మధ్యకి వచ్చేసరికి ఆలస్యం అవుతోంది. ఇకనుంచి డబుల్స్ మీద దృష్టి పెట్టమని కోచ్ గారు అంటున్నారు. సింగిల్స్ రానివాళ్లనే డబుల్స్‌లోకి తోస్తారని మా ఆవిడ బాధ. డబుల్స్‌లో నిజంగా భవిష్యత్తు ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం షట్లర్
వద్దండి. లెక్క చూడండి. 2023 ఇండోనేషియా ఓపెన్ మొత్తం ప్రైజ్‌మనీ 12,50,000 డాలర్లు. సింగిల్స్ గెలిచిన ఆటగాడికి 87,500. డబుల్స్ గెలిచిన జోడీకి 92,500. ఇద్దరూ పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చింది 46,250. అదే వారం, అదే కోర్టు, అంతే కష్టం, డబ్బు మాత్రం సగం. అంత పెద్ద టోర్నీలోనే ఇలా ఉంటే చిన్న టోర్నీల్లో విమానం టికెట్టు ఖర్చు కూడా రాదు.

పర్లాకిమిడి మాస్టారు
ఆ 92,500 తీసుకున్నది ఎవరో కూడా రాయండి బాబూ. సాత్విక్‌సాయిరాజ్, చిరాగ్ శెట్టి. సాత్విక్‌ది అమలాపురం. అదేమీ మహానగరం కాదు. ఆ ఇద్దరూ 2022లో థామస్ కప్ (పురుషుల జట్ల ప్రపంచ పోటీ) గెలిచిన జట్టులో ఉన్నారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచారు, అదే అక్టోబరులో ప్రపంచ నంబర్ 1 అయ్యారు. మన దేశం నుంచి డబుల్స్‌లో అంతకుముందు ఆ స్థానానికి ఎవరూ వెళ్లలేదు. ఖేల్ రత్న కూడా వచ్చింది. వీళ్లు సింగిల్స్ చేతకాక వచ్చినవాళ్లా?

బరంపురం షట్లర్
మాస్టారూ, లక్షల్లో ఒకరి పేరు చెప్తే అది లెక్క అవదు. నేను అడిగింది ఒక్కటే, ఒక్కొక్కరికి ఎంత వచ్చింది? 46,250. దీనికి జవాబు చెప్పండి.

జయపురం 12
ముందు పదో తరగతి గట్టెక్కించండి సార్. తర్వాత చూసుకోవచ్చు.

కోరాపుట్ అక్క
మా అమ్మాయి కూడా ఆడుతుంది కాబట్టి రాస్తున్నాను. గుత్తా జ్వాల పుట్టింది మహారాష్ట్రలోని వార్ధాలో. ఆవిడ, అశ్విని పొన్నప్ప కలిసి 2010లో కామన్వెల్త్ స్వర్ణం, 2011లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం తెచ్చారు. ఆ రోజుల్లో డబుల్స్‌ని పట్టించుకోవడం లేదని జ్వాల బాహాటంగానే పోట్లాడింది. ఇప్పుడు కొంత మారింది. మన కటక్‌లోనే 2022లో ఒడిశా ఓపెన్ జరిగింది, అందులో మహిళల డబుల్స్ గెలిచింది ట్రీసా జాలీ, గాయత్రి గోపీచంద్. కటక్ అక్కాచెల్లెళ్లు రుతపర్ణ, శ్వేతపర్ణ పండా కలిసి విదేశాల్లో ఆడుతున్నారు. మీ ఆవిడకి ఈ పేర్లు చెప్పండి అన్నయ్యా.

పర్లాకిమిడి మాస్టారు
రాయగడ బాబూ, డబ్బు సంగతి తర్వాత. మీ వాడు డబుల్స్‌కి పనికొస్తాడో లేదో ఇంట్లోనే కొంత చూసుకోవచ్చు. నేను స్మాష్ చూడను, సర్వీసు చూస్తాను. నెట్ పట్టీకి జానెడు ఎత్తులో ఒక తాడు కడతాను. బ్యాక్‌హ్యాండ్ పట్టు, బొటనవేలు పిడి వెడల్పు వైపు ఆనాలి, కాక్ (షటిల్) ఈకల కొసని రెండు వేళ్లతో పట్టుకోవాలి. పట్టీకి తాడుకి మధ్యలోంచి పంపమంటాను. తాడు దాటి పైకి లేస్తే అవతలివాడు మీద పడి చంపేస్తాడు. 2018 నుంచి సర్వీసు కొట్టేటప్పుడు కాక్ మొత్తం నేలకి 1.15 మీటర్ల లోపలే ఉండాలన్న నియమం ఉంది. పొడుగు పిల్లలకి అదో ఇబ్బంది, మోకాళ్లు కొద్దిగా వంచడం అలవాటు చేయాలి. మంచి స్మాష్ ఉండి సర్వీసు లేని పిల్లాడు డబుల్స్‌లో ప్రతి పాయింటూ వెనకబడే మొదలుపెడతాడు.

రెండోది, మధ్యలోకి వచ్చిన కాక్. ఇద్దరూ వదిలేస్తున్నారా, ఇద్దరూ రాకెట్లు ఢీకొట్టుకుంటున్నారా, ఒకడు మాట్లాడకుండా తప్పుకుంటున్నాడా? కొన్ని జోడీలకి ఇది ఎంతకీ రాదు. కొందరికి నెలలో వచ్చేస్తుంది. మీ వాడి కాళ్లు నెమ్మది అన్నారు కదా. సింగిల్స్‌లో కోర్టంతా వాడే కాయాలి. డబుల్స్‌లో అంత అవసరం లేదు, కానీ చేతులు రెండింతలు వేగంగా ఉండాలి.

బరంపురం షట్లర్
సర్వీసు పాఠం బాగుంది. నా ప్రశ్నకి మాత్రం జవాబు లేదు. ఇంకో మాట కూడా వినండి. డబుల్స్‌లో ర్యాంకు మనిషిది కాదు, జోడీది. పార్ట్‌నర్ వెళ్లిపోతే కొత్తవాడితో ర్యాంకు మొదటి నుంచి సంపాదించుకోవాలి. ఒలింపిక్స్‌కి వెళ్లాలంటే జోడీగానే అర్హత రావాలి. అక్కడ డబుల్స్‌లో ఉండేవి దాదాపు 16 జోడీలే. ఒక దేశం నుంచి రెండో జోడీ వెళ్లాలంటే రెండూ మొదటి 8 ర్యాంకుల్లో ఉండాలి, సింగిల్స్‌లో 16లో ఉంటే చాలు. పక్కవాడి మోకాలు విరిగితే మీ వాడి ఏడాది పోయినట్టే. తన చేతిలో లేనిదాని మీద పిల్లాడి బతుకు ఎలా పెడతారు?

గుణుపురం 7
ఇది మాత్రం నిజం.

కోరాపుట్ అక్క
పార్ట్‌నర్ మారితే అంతా అయిపోతుందనుకోకండి. అశ్విని పొన్నప్ప 2012, 2016 ఒలింపిక్స్‌కి జ్వాలతో వెళ్లింది. తర్వాత 2018లో సిక్కి రెడ్డితో కామన్వెల్త్ కాంస్యం గెలిచింది. 2024లో తనీషా క్రాస్టోతో పారిస్ వెళ్లింది. అప్పటికి ఆవిడకి 34 ఏళ్లు. సింగిల్స్‌లో ఆ వయసుకి ఎంతమంది మిగులుతారు? సుమీత్ రెడ్డి అయితే వెన్ను జబ్బు వచ్చాకే సింగిల్స్ వదిలి డబుల్స్‌కి వచ్చాడు, 2016లో రియోకి వెళ్లాడు.

బరంపురం షట్లర్
అక్కా, టోక్యోలో సాత్విక్ జోడీ గ్రూపులో మూడింట్లో రెండు మ్యాచ్‌లు గెలిచింది. ఆ ఏడాది స్వర్ణం గెలిచిన తైవాన్ జోడీనే ఓడించారు. అయినా క్వార్టర్స్‌కి వెళ్లలేదు. ఇంత చేసినా ఇంతే.

పర్లాకిమిడి మాస్టారు
అది గేముల లెక్కలో పోయింది. దానికీ డబుల్స్‌కీ ఏం సంబంధం? ఒక మాట చెప్తాను. మోకాలు విరిగి విడిపోయే జోడీలు మన వైపు తక్కువే. ఎవరో ఒక తండ్రి వచ్చి విడగొట్టినవే ఎక్కువ.

బరంపురం షట్లర్
సూటిగా అనండి మాస్టారూ. నా గురించే కదా?

అవును, మా వాడిని హైదరాబాద్ తీసుకెళ్లాను. మీకు తెలియనిదేముంది? ఆడేది ఒకే హాలు, దాన్ని పెళ్లిళ్లకీ మీటింగులకీ అద్దెకిచ్చేవారు. పిల్లలు బ్యాగులు పట్టుకుని బయట మెట్ల మీద కూర్చునేవాళ్లు. జిల్లా పోటీల ముందు వారం కూడా అంతే. పాత కాక్‌లకి ఈకలు ఊడి గాల్లో వంకర తిరుగుతుంటే వాటితోనే ప్రాక్టీసు. ఉన్న పొలం అమ్మి తీసుకెళ్లాను. నా కొడుకు కోసం నేను చేయకూడదా?

పర్లాకిమిడి మాస్టారు
చేయొచ్చు. మీ అబ్బాయిని ఆపమని నేను ఏనాడూ అనలేదు. రాష్ట్ర అండర్-15 పోటీలకి జోడీగా పేర్లు ఇచ్చాక వెళ్లిపోయారు. రెండో పిల్లాడు కిట్ బ్యాగుతో స్టేషన్‌కి వచ్చాడు, హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కడానికి. మీరు రారని వాడికి ప్లాట్‌ఫాం మీద తెలిసింది. ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. వాడు తర్వాత రాకెట్ ముట్టలేదు. ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపులో పని. మీరు ఇక్కడ 46,250 అని ఇన్నిసార్లు రాస్తున్నారే, వాడికి వచ్చింది ఎంత?

జయపురం 12
ఇద్దరూ కాస్త తగ్గండి. అడిగినాయన ఏమైపోయాడు?

బరంపురం షట్లర్
ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు. కానీ వాడి ఫీజు, బూట్లు, గట్టింగ్ (రాకెట్‌కి తీగలు కట్టించడం), రైలు టికెట్టు ఏడాదిన్నర నేనే పెట్టాను, ఎవరూ అడగకపోయినా. హైదరాబాద్‌లో ఇద్దరిని ఉంచే శక్తి నాకు లేదు. అది వాళ్ల నాన్న ముఖం చూసి చెప్పడం నా వల్ల కాలేదు. డబుల్స్ అంటే ఒకరి జేబులోంచి ఇద్దరు పిల్లలు. అందుకే వద్దంటున్నాను. ప్రైజ్‌మనీ సగమవడం ఒక్కటే కాదు మాస్టారూ, ఖర్చు రెండింతలవుతుంది.

రాయగడ నాన్న
ఇక్కడే ఉన్నాను, అన్నీ చదువుతున్నాను. నా టెన్షన్ కూడా అదే. కోచ్ గారు చూపించిన పార్ట్‌నర్ ఇక్కడికి దగ్గర పల్లె అబ్బాయి. వాళ్లింట్లో కువి (ఇక్కడి కోంధుల భాష) మాట్లాడతారు, మా వాడితో ఒడియాలో మాట్లాడతాడు. వాళ్ల నాన్న సంతలో కూరగాయలు అమ్ముతారు. నెట్ దగ్గర ఆ పిల్లాడి చేతులు చూస్తే ముచ్చటేస్తుంది. మాస్టారు చెప్పిన తాడు కట్టకుండానే వాడి సర్వీసు పట్టీని రాసుకుంటూ వెళ్తుంది. "ఇద్దరి ఖర్చూ మీరే చూడండి, జోడీ నిలబడుతుంది" అన్నారు కోచ్ గారు. మా ఆవిడకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

కోరాపుట్ అక్క
ముందు ఆవిడకి చెప్పండి అన్నయ్యా. ఆ పిల్లాడు మీ ఇంట్లో అన్నం తినాల్సిన రోజులు చాలా వస్తాయి, వండి పెట్టేది ఆవిడే.

బరంపురం షట్లర్
చెప్పండి. అలాగే ఆ అబ్బాయి నాన్నతో కూర్చుని కాగితం మీద రాసుకోండి. మీరు ఎంతవరకు పెడతారు, ఎప్పటివరకు పెడతారు, మీ వాడు ఊరు మారితే ఏం చేస్తారు. నేను రాసుకోలేదు, ఈ మాటలు పడుతున్నాను.

పర్లాకిమిడి మాస్టారు
కాగితం వద్దు. ఆ తండ్రి వేలిముద్ర వేస్తాడు, అందులో ఏముందో ఆయనకి తెలియదు. పిల్లాడు మాత్రం ప్రతి మ్యాచ్‌లో అప్పున్నవాడిలా ఆడతాడు. మధ్యలోకి వచ్చిన కాక్‌ని మీ వాడికే వదిలేస్తాడు. నోటితో చెప్పండి, కువి వచ్చిన మనిషిని పక్కన పెట్టుకుని చెప్పండి.

బరంపురం షట్లర్
నోటి మాట ఎంతవరకు నిలబడుతుందో మీరే కదా ఇప్పటిదాకా రాశారు.

రాయగడ నాన్న
రాష్ట్ర పోటీలకి డబుల్స్‌లో ఇద్దరి పేర్లూ ఇస్తున్నాను. మా వాడు సింగిల్స్ కూడా ఆడతాడు, ఈ ఏడాదికి అది ఆపను. రానూపోనూ ఇద్దరి టికెట్లూ నావే. ఆ తర్వాత సంగతి వాళ్ల నాన్నతో నేరుగా మాట్లాడతాను. కాగితమా కాదా అన్నది ఆయన్నే అడుగుతాను. మాస్టారూ, నెట్‌కి ఎంత ఎత్తులో తాడు కట్టాలో ఒక ఫొటో పెట్టగలరా?