కల్తీ కల్లు మానుతున్న ఇళ్లలో మాథ్యూ పెర్రీ ఆత్మకథ వినిపించాలంటే ఏ జాగ్రత్తలు చెప్పాలి?

అమెరికా టీవీ సీరియల్ ‘ఫ్రెండ్స్’ నటుడు మాథ్యూ పెర్రీ 2022లో రాసిన ఆత్మకథలోంచి కొన్ని భాగాలు పాలమూరు పల్లెల్లో తెలుగులో చదివి వినిపిద్దామనుకుంటున్నాం. ఒక్కచోట సాయం కావాలి.

రోజుకు 55 వైకోడిన్ నొప్పి మాత్రలు మింగడం, పెద్దపేగు పగిలి చావు అంచుదాకా పోవడం ఎవరికైనా అర్థమవుతాయి. చిక్కంతా మత్తు దింపే ఘట్టాలతోనే. వైకోడిన్ నల్లమందు జాతిది. ఆపితే ఒళ్లునొప్పులు, వాంతులు, విరేచనాలతో నరకమే గానీ ప్రాణం పోవడం అరుదు. మన దగ్గర కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమత్తు మందులు. వీటికి అలవాటుపడ్డ మనిషి ఒక్కసారిగా ఆపితే కొద్ది రోజుల్లోనే చేతుల వణుకు, నిద్ర లేకపోవడం, గోడలతో మాట్లాడటం, చివరికి ఫిట్స్. అందుకే డాక్టరు చూస్తుండగా మోతాదు మెల్లమెల్లగా తగ్గించాలి. పుస్తకం విని ఎవరైనా ఇంటాయన్ని గదిలో పెట్టి గొళ్లెం వేస్తే ప్రాణం మీదికొస్తుంది, అదే మా భయం.

ఈ హెచ్చరిక మొదట్లోనే చెప్పాలా, ఆ ఘట్టం దగ్గర ఆగి చెప్పాలా? 2023లో కెటమైన్ అనే మత్తుమందు వల్ల పెర్రీ చనిపోయిన సంగతి వింటే మానుతున్నవాళ్లు ధైర్యం కోల్పోతారా? మానసిక సాయానికి టెలిమానస్ 14416, వ్యసన విముక్తికి 14446 నంబర్లు ఎలాగూ ఇస్తాం. కల్లు బాధితులతో పనిచేసిన నర్సులు, ఆశా అక్కలు జర చెప్పండి.