రొయ్య రక్తకణాలను ఒక్కొక్కటిగా పట్టే సూక్ష్మగుంటల వడపోత

ప్రశ్న (భీమవరం, పరిశోధక విద్యార్థిని): రొయ్య రక్తకణాలను వాటంతటవే వడపోత పలకపై ఉన్న అతి చిన్న గుంటల్లోకి దిగనిస్తే, అవి ఎక్కడ పడితే అక్కడ పడతాయి కనుక, ఒకే కణం ఉన్న గుంటలు సిద్ధాంతరీత్యా 37 శాతం మించవు. గుంట అడుగున రంధ్రం పెడితే మేలా, సార్? ఎంత వెడల్పుండాలి?

జవాబు (కాకినాడ, అధ్యాపకుడు): మేలేనమ్మా. ద్రవం రంధ్రం గుండా కిందికి పోతుంది కనుక, మొదట చేరిన కణం దానిని మూయగానే ఆ గుంటలోకి ప్రవాహం బాగా తగ్గి, తరువాతి కణాలు ఖాళీ గుంటలవైపు మళ్లుతాయి; తూము మూసిన చేనును వదిలి కాలువ నీరు పక్క చేనుకు పోయినట్టే. పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణానికి 3 నుంచి 5 మైక్రాన్ల రంధ్రంతో మొదలుపెట్టండి. అయితే నా దృష్టిలో వెడల్పు కన్నా పీడనమే కీలకం: అది కాస్త ఎక్కువైనా మెత్తని కణం సాగి, రంధ్రంలోంచి జారిపోతుంది.

మరో జవాబు (అమలాపురం): రొయ్య రక్తం తీసిన వెంటనే గడ్డకడుతుంది కాబట్టి, గడ్డకట్టనివ్వని ద్రావణాన్ని సిరంజిలో ముందే నింపుకోండి, లేకుంటే రంధ్రాలన్నీ పూడుకుపోతాయి.