అడవినాభిలో ‘నాభి’ ఏంది?

కావలి దగ్గర మా ఊళ్లో సర్కారు తుమ్మ కంపల్లో అల్లుకుని పూసే తీగ ఒకటుంది. ఆకు కొసే నులితీగలా మెలి తిరిగి కంపను పట్టుకుంటుంది. పువ్వు పసుపుగా విచ్చి, రోజులు గడిచేకొద్దీ నిప్పురంగుకు తిరుగుతుంది. మా అవ్వ దాన్ని అడవినాభి అంటుంది. రెండేళ్ల కిందట గడ్డ తెచ్చి కుండీలో పెట్టాను. పేరు చెప్తే చాలు, ‘బొడ్డుకీ దీనికీ ఏం సంబంధం?’ అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

— ఇక్కడ నాభి అంటే విషం. హిమాలయాల్లో వత్సనాభి అనే మొక్క ఉంది. గడ్డ దూడ బొడ్డులా ఉంటుందని ఆ పేరట. వాడుకలో ‘వత్స’ రాలిపోయి, మిగిలిన ‘నాభి’కే విషమనే అర్థం వచ్చినట్టుంది. మన చేలగట్ల మీద అంత విషపు గడ్డ దొరికితే అడవినాభి అన్నారు. రెండిటికీ చుట్టరికం లేదు. దాంట్లో ఉండే విషం అకోనిటిన్, దీంట్లోది కొల్చిసిన్. గౌట్ అనే కీళ్ల నొప్పులకిచ్చే మందు ఆ కొల్చిసినే. దానికోసమే తమిళనాడులో ఈ తీగను పొలాల్లో వేసి గింజలమ్ముతారు. అక్కడ రాష్ట్ర పుష్పం కూడా ఇదే.

— బొడ్డుతో బొత్తిగా పనిలేదనకండి. కాన్పు కష్టమైతే ఈ గడ్డ నూరి బొడ్డు మీద పట్టు వేసేవాళ్లు. సంస్కృతంలో దీనికి గర్భఘాతిని అనే పేరూ ఉంది. ఎవరూ ప్రయత్నించకండి బాబూ, ప్రాణాలు పోతాయి.

— వాడకం బొడ్డు దాకా పోయిందేమో గానీ పేరు పుట్టింది మాత్రం వత్సనాభి నుంచే అంటాను. నాకు ఇంకో పేరు ఇష్టం, లాంగలి. లాంగలం అంటే నాగలి. గడ్డ తవ్వి చూడండి, తెలుస్తుంది.

— అవునన్నా! సంక్రాంతి దాటి తీగ ఎండాక తవ్వాను. వేలెడేసి కొమ్ములు రెండు, అచ్చం నాగలి వంపే. పోయినేడు మట్టి దులుపుతూ ఒక కొమ్ము కొస విరిచేశాను. మొలక ఆ కొసలోనే ఉంటుందని తెలీదు, ఆ వైపు మొలవనే లేదు. లాంగలి సంగతి అవ్వకు చెప్పబోతే, ‘ముందు చేతులు కడుక్కున్నావా?’ అనింది.