ఫోటోలు క్లినిక్కు దాటకుండా ఏఐ మోడల్‌కు నేర్పించేదెట్ల?

అందరికీ నమస్తే. మాది నల్లగొండ, బీటెక్ ఆఖరి ఏడాది. ఫోన్‌కు తగిలించే కెమెరాతో తీసిన రెటీనా (కంటి వెనక పొర) ఫోటోల్లో షుగరు వల్ల వచ్చే దెబ్బను పట్టడం నా ప్రాజెక్టు. నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడల్లో మూడు క్లినిక్కులు ఒప్పుకున్నయి గానీ ఫోటోలు మాత్రం బయటికి ఇయ్యరట. న్యాయమే, మా అమ్మ ఫోటో అయితే నేను ఇస్తనా?

అందుకే ఫెడరేటెడ్ లెర్నింగ్ పట్టుకున్న, అంటే ఫోటోలు క్లినిక్కులోనే ఉంటయి, మోడల్ అక్కడే నేర్చుకొని, తనలో ఏం మార్చాలో చెప్పే లెక్కలు (గ్రేడియంట్లు) మాత్రమే బయటికి పోతయి. కానీ గ్రేడియంట్ల నుంచి అసలు బొమ్మను రాబట్టొచ్చని 2019లోనే చూపించిన్రు. డిఫరెన్షియల్ ప్రైవసీ (ఏ ఒక్కరి ఫోటో గుట్టూ బయటపడకుండా చేసే పద్ధతి) కోసం గ్రేడియంట్లకు నాయిస్, అంటే కావాలని కొన్ని అడ్డదిడ్డపు అంకెలు, కలిపితే, ఆ దెబ్బను చూపే సూదిమొనంత ఎర్ర చుక్కలను మోడల్ అసలు పట్టుకుంటలేదు. ఒక్కో చోట 200 ఫోటోలు కూడా లేవు మరి. ఎప్సిలాన్ (గుట్టు ఎంత గట్టిగ దాగాలో చెప్పే అంకె, తగ్గిస్తే నాయిస్ పెరుగుతది) ఎంత పెట్టాలె? సెక్యూర్ అగ్రిగేషన్ (ఏ క్లినిక్కు లెక్కా విడిగా కనబడకుండా, అన్నిటి కూడిక మాత్రమే తెలిసే పద్ధతి) ఒక్కటే చాలా? మూడే క్లినిక్కులున్నప్పుడు రెండు కలిస్తే మూడోదాని గుట్టు బయటపడదా? చేసినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పున్రి.