పరిశోధనాశాలలో కుదిరిన పని మన షెడ్డులో ఎందుకు కుదరడం లేదు?

ముమ్మిడివరం తోట:
మూడేళ్ల క్రితం ఒక కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ నుంచి కొబ్బరి చిప్స్ తయారీకి లైసెన్సు తీసుకున్నాను. శిక్షణలో ఇరవై కాయలతో చేసి చూపించారు. కాయ పగలగొట్టి, కొబ్బరికి అంటిన గోధుమరంగు పొర చెక్కి, పలుచగా తరిగి, చక్కెర పాకంలో నానబెట్టి ఆరబెడితే ముక్కలు కరకరలాడాయి. ఇంటికొచ్చి అదే పని వెయ్యి కాయలతో మొదలుపెడితే డ్రయ్యరు ట్రేల అంచుల్లో ముక్కలు మాడిపోయాయి, నడిమివి మాత్రం తడిగానే ఉండిపోయాయి. పైగా అది జూలై. మన కోనసీమ తేమగాలికి ప్యాకెట్టులో ఉండగానే చిప్స్ మెత్తబడిపోతే దుకాణదారు రెండు అట్టపెట్టెలు తిప్పి పంపాడు. డ్రయ్యరు అమ్మినవాడు లోపం విధానంలో ఉందంటాడు, విధానం ఇచ్చినవారు లోపం యంత్రంలో ఉందంటారు. ఎవరైనా ఈ దశ దాటి ఉంటే చెప్పగలరు.

రావులపాలెం బేకరీ:
ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదండీ, ఆ రెండింటికీ మధ్య ఉన్న పని ఎవరూ చేయలేదు. ఇరవై కాయల ముక్కలకు తగిలినట్టు వెయ్యి కాయల ముక్కలకు వేడిగాలి తగలదు. ట్రేకు ఎన్ని కిలోలు పరచాలో, ఎంతసేపటికి ట్రేలను పైకీ కిందికీ మార్చాలో మీ యంత్రం మీదే కొలిచి రాసుకోవాలి. మరో సంగతి, మీరు ఏ కాయ వాడుతున్నారు? చిప్స్‌కు పూర్తిగా ముదరని, సుమారు తొమ్మిది నెలల కాయ కావాలి. మామూలు దింపులో, అంటే చెట్టెక్కి కాయలు కోసేటప్పుడు, ముదురుకాయలే దిగుతాయి కనుక దింపు తీసేవారికి విడిగా చెప్పి, విడిగా కూలి ఇవ్వాలి. ప్యాకెట్టుకు అల్యూమినియం పొర ఉన్న కవరు తీసుకుని, సీలు వేసే ముందు నత్రజని నింపితే మెత్తబడే బాధ చాలావరకు తప్పుతుంది. అయితే ఆ యంత్రం ఖర్చు వేరే.

మార్టేరు విశ్రాంత ఉద్యోగి:
ఈ సందర్భంలో స్వర్ణ వరి గుర్తొస్తోంది. 1982లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి ఎంటీయూ 7029 అనే పేరుతో విడుదలైన ఆ రకం గోదావరి గట్లు దాటి ఒడిశా, పశ్చిమ బెంగాల్, ఛత్తీస్‌గఢ్ పొలాలకు చేరిందంటే దానికి లైసెన్సు ఒప్పందాలు కారణం కాదు. వరి స్వపరాగ సంపర్కం జరిగే, అంటే తన పుప్పొడితోనే గింజ కట్టే పంట కనుక రైతు తన గింజనే మళ్లీ విత్తనంగా వాడుకున్నాడు, బంధువుకు ఒక బస్తా ఇచ్చాడు, ఆ బంధువు పక్క ఊరికి ఇచ్చాడు. గింజలోనే విధానమంతా ఇమిడి ఉంది, రైతు చేతికి అలవాటైన పనిలో కొత్తగా నేర్చుకోవలసింది కొంచెమే. తరువాత ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ముంపును తట్టుకునే జన్యువును అందులోకి చేర్చగా, 2009లో స్వర్ణ సబ్1 మన దేశంలో విడుదలై దాదాపు అదే దారిలో నడిచింది. ప్రభుత్వ ఖజానాకు రాయల్టీగా వచ్చింది స్వల్పమే అయినా దేశానికి వచ్చిన ధాన్యాన్ని ఎవరు లెక్క వేస్తారు! కాబట్టి ఎన్ని లైసెన్సులు ఇచ్చారన్న అంకెతో పరిశోధన విలువను తూచడం నాకు సమ్మతం కాదు. చిప్స్ సంగతి వేరు. అక్కడ కాగితం మీద ఉన్న విధానానికి యంత్రం, కవరు, కొనుగోలుదారు తోడైతేనే అది సరుకు అవుతుంది.

అంబాజీపేట రైతు:
గింజలాగే ప్రాణమున్నదైనా తేలిగ్గా చేతులు మారనిది ఒకటి ఉంది. కొబ్బరి ఆకుల రసం పీల్చే రుగోస్ తెల్లదోమ వచ్చినప్పుడు మట్టల కింద తెల్లటి మైనపు చుట్టలు, కింది మట్టల మీద జిగురు, ఆపైన నల్లటి మసి పట్టింది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ గుర్తించిన ఆ దోమను చంపే ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంద్రాన్ని మా అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో పెంచి రైతులకు ఇచ్చారు. నేను ఒకసారి ఆ ప్యాకెట్టును మధ్యాహ్నమంతా బండి డిక్కీలో మరిచిపోయి సాయంత్రం పిచికారీ చేస్తే దోమకు ఏమీ కాలేదు. ఎండకు శిలీంద్ర బీజాలు చచ్చి ఉంటాయని తరువాత తెలిసింది. నీడలో ఉంచి తెచ్చిన రెండో ప్యాకెట్టు పనిచేసింది. పరిశోధన స్థానం ఫ్యాక్టరీ కాదు కదా అని మేము కొందరం కలిసి దాన్ని పెంచి అమ్ముదామనుకున్నాము. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కావాలి, దానికి విషప్రభావం, పనితనం, నిల్వకాలం మీద సమాచారం సమర్పించాలి. శిలీంద్రం పెంచడానికయ్యే ఖర్చు కన్నా ఆ సమాచారానికయ్యే ఖర్చే ఎక్కువని తేలాక మాలో ఇద్దరు తప్పుకున్నారు. ఆ నిబంధన అనవసరమని నేను అనను, బండి డిక్కీలో పెట్టిన ప్యాకెట్టు లాంటిదే దుకాణంలో అమ్మితే నష్టపోయేది నాలాంటి రైతే.

రావులపాలెం బేకరీ:
తోట గారూ, యంత్రాల కోసం 2020లో మొదలైన సూక్ష్మ ఆహార సంస్థల పథకంలో అర్హమైన పెట్టుబడిలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సబ్సిడీ ఉండేది. ఇప్పటి స్థితి జిల్లా ఉద్యాన కార్యాలయంలో కనుక్కోండి. నా మట్టుకు నేను ముందు మార్కెట్టు చూసుకుని తరువాత యంత్రం కొంటాను.

ముమ్మిడివరం తోట:
మీ మాట మీద ట్రేకు పరిచే ముక్కలు సగానికి తగ్గించి చూశాను. నడిమి తడి పోయింది, కానీ రోజుకు నాలుగు వందల కాయలే ఆరుతున్నాయి. వచ్చే దింపులో పూర్తిగా ముదరని కాయలు విడిగా దించడానికి మనిషి ఒప్పుకున్నాడు, చెట్టుకు పది రూపాయలు అదనంగా అడుగుతున్నాడు. నత్రజని యంత్రం వాడేవారు రావులపాలెం చుట్టుపక్కల ఎవరైనా ఉంటే వంద కవర్లు తెచ్చి నింపించుకుని వర్షాకాలంలో నిలుస్తాయో లేదో పరీక్షిస్తాను.