శాసనమండలి ఓటు డిగ్రీ ఉన్నవాళ్లకేనా? మార్చాలంటే దారి ఏంటి?

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, చిక్కడపల్లి. 2021 పట్టభద్రుల (డిగ్రీ ఉన్నవాళ్ల) ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటేశాను. 93 మంది అభ్యర్థులు. బ్యాలెట్ విప్పితే న్యూస్‌పేపర్ అంత ఉంది, బల్ల మీద పట్టలేదు. వాళ్లిచ్చిన వంకాయరంగు పెన్నుతో ఒకరికి 1 వేసి, మడతపెట్టలేక తిప్పలు పడ్డాను.

ఈ మధ్య మళ్లీ ఆ మాట వస్తే మా అమ్మ అడిగింది, "నేను ముప్పై ఏండ్లు మిషన్ కుట్టి నిన్ను చదివిస్తే, ఓటు నీకొక్కనికేనా బిడ్డా?" నా దగ్గర జవాబు లేదు. తను పదో తరగతి.

తర్వాత కూర్చుని చదివాను. తెలంగాణ మండలిలో 40 సీట్లు. ఎమ్మెల్యేలు ఎన్నుకునేవి 14, స్థానిక సంస్థలవి 14, పట్టభద్రులవి 3, టీచర్లవి 3, గవర్నర్ నామినేట్ చేసేవి 6. అంటే మామూలు ఓటరు నేరుగా ఎన్నుకునే సీటు ఒక్కటీ లేదు! 1950లో డిగ్రీ అంటే అరుదు కాబట్టి సరే అనుకుందాం, ఇప్పుడు కూడానా?

నా అసలు డౌట్ ఇది. రాజ్యాంగంలోని 171(2) అధికరణ 'పార్లమెంటు చట్టం ద్వారా వేరే విధంగా నిర్ణయించేవరకు' ఈ పద్ధతే అంటోంది. అంటే రాజ్యాంగ సవరణ లేకుండా మామూలు చట్టంతోనే ఈ కూర్పు మార్చొచ్చా? మా కొలీగ్ మాత్రం మూడింట రెండొంతుల మెజారిటీ కావాలని వాదిస్తున్నాడు. లా చదివినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త విడమరచి చెప్పండి, అమ్మకి చెప్పాలి.